పాత వీ-క్రాస్‌కు లిఫ్ట్, పెద్ద టైర్లు: చెరువు గట్ల మీద తిరిగే బండికి ఎంత ఎత్తు మేలు?

ప్రశ్న: చెరువుగట్టు (కాట్రేనికోన వైపు)

అందరికీ నమస్కారమండి. మా ఇంట్లో 2017 నాటి ఇసుజు డీ-మాక్స్ వీ-క్రాస్ పికప్ ఉంది. నాన్నగారు కొన్నప్పుడు అది కుటుంబమంతా కాకినాడకో రాజమహేంద్రవరానికో వెళ్లి రావడానికి వాడిన బండి. ఇప్పుడు సగం కాలం ఆ పనికీ, సగం కాలం మా వనామీ రొయ్యల చెరువుల పనికీ తిరుగుతోంది. ఒక్కో విడతకు పది పన్నెండు ఫీడ్ బస్తాలు, అప్పుడప్పుడు ఏరేటర్ మోటార్లు, జనరేటర్‌కు డీజిల్ క్యాన్లు వెనుక వేసుకుని వెళతాము. 216 జాతీయ రహదారి నుంచి మా ఊరి దాకా దారికి వంక పెట్టవలసింది లేదు. ఊరు దాటిన తర్వాత చెరువుల దాకా ఉన్న పుంతతోనే (మట్టి దారితోనే) ఇబ్బంది అంతా.

వేసవిలో ఆ పుంత పొడిపొడిగా ఉంటుంది. జూలై వానలు మొదలైన దగ్గర నుంచి అక్టోబరు, నవంబరు తుపానుల దాకా మాత్రం బంక మట్టి ముద్దలా మారిపోతుంది. ఫీడ్ తోలే ట్రాక్టర్లు అదే దారిలో తిరగడం వల్ల రెండు వైపులా లోతైన గాళ్లు పడి, నడుమ దిమ్మ లేస్తుంది. మా బండి చక్రాలు ఆ గాళ్లలోకి దిగగానే వెనుక డిఫరెన్షియల్ హౌసింగ్ (వెనుక చక్రాల నడుమ గేర్లుండే ఇనుప గుండు) ఆ దిమ్మను దున్నుకుంటూ పోతుంది. నాలుగు చక్రాలకూ పవర్ వేసినా, ఒక్కోసారి హౌసింగ్ దిమ్మ మీద కూర్చుండిపోతే చక్రాలు ఉన్నచోటనే తిరుగుతున్నాయి.

ఉపకరణాలు అమ్మే ఒక దుకాణంలో అడిగితే, బండిని పైకి లేపే 4 అంగుళాల లిఫ్ట్ కిట్టు వేసి 285/75 ఆర్16 టైర్లు తొడిగితే ఇక దేనికీ ఆగదని చెప్పారు. ఇప్పుడు బండికి ఉన్నవి కంపెనీ సైజు 245/70 ఆర్16, అవి కూడా అరిగిపోయాయి కాబట్టి టైర్లు ఎలాగూ మార్చాలి. ఇంత వయసున్న బండికి అంత లిఫ్ట్ మంచిదేనా, తక్కువ ఎత్తుతో సరిపెట్టవచ్చా, టైరు విషయంలో ఏ సైజు దగ్గర ఆగాలి అన్నది అనుభవమున్న పెద్దలు చెప్పగలరు. మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులున్నాయి, బండి ఇంకా ఎత్తయితే ఆవిడ ఎక్కడం కష్టమవుతుంది. ఆ సంగతి కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

జవాబు: కమాను కట్ట (భీమవరం)

మీరు ఇబ్బందిని స్పష్టంగా రాశారు కాబట్టి జవాబు చెప్పడం తేలికైంది. నేను ఈ ప్రాంతపు పికప్‌లకూ చిన్న లారీలకూ కమాన్ల (ఇనుప పట్టీల స్ప్రింగుల) పని, సస్పెన్షన్ పని చేస్తాను. మీ దారిలో దిమ్మకు తగులుతున్నది హౌసింగ్ అని మీరే చెప్పారు. లిఫ్ట్ కిట్టు ఎన్ని అంగుళాలదైనా సరే, అది బాడీనీ ఛాసిస్‌నూ పైకి లేపుతుంది తప్ప వెనుక హౌసింగ్‌ను ఒక్క మిల్లీమీటరు కూడా లేపదు. హౌసింగ్ చక్రాల నడుమనే ఉంటుంది కాబట్టి దాని ఎత్తును నిర్ణయించేది టైరు వ్యాసం ఒక్కటే. అంటే 4 అంగుళాల కిట్టుకు డబ్బు పోసినా, మీ పుంతలో హౌసింగ్ అదే దిమ్మను అంతే లోతున దున్నుతుంది.

ఇక టైరు లెక్క చూద్దాం. సైజులో మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, ఆర్ తర్వాతది అంగుళాల్లో రిమ్ము సైజు. 245/70 ఆర్16 టైరు వ్యాసం సుమారు 749 మిల్లీమీటర్లు. 245/75 ఆర్16 అయితే 774, 265/70 ఆర్16 అయితే 777, 265/75 ఆర్16 అయితే 804, మీకు దుకాణంలో చెప్పిన 285/75 ఆర్16 అయితే 834 వస్తుంది. పెరిగిన వ్యాసంలో సగమే హౌసింగ్ కిందకు లాభంగా వస్తుంది. కాబట్టి 245/75, 265/70లతో మీకు వచ్చేది 12 నుంచి 14 మిల్లీమీటర్లు, 285తో 42 మిల్లీమీటర్లు. 42 అన్న అంకె చూసి ఆశ పడవద్దని నా మనవి. ఆ టైరు కంపెనీ సైజు కంటే 11 శాతానికి పైగా పెద్దది. గేర్లన్నీ ఆ మేరకు బరువెక్కి క్లచ్ మీద భారం పడుతుంది, బ్రేకు ఆగే దూరం పెరుగుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మడ్ గార్డుకో ఛాసిస్‌కో రాసుకుంటుంది. స్పీడోమీటరు 80 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 89 మీద పోతూ ఉంటుంది.

మీ బండికి ముందు వైపు డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పట్టే పై, కింది ఆర్ములు), కాయిల్ స్ప్రింగ్, వెనుక కమాన్లు. 4 అంగుళాలు లేపాలంటే ముందు భాగంలో లోయర్ ఆర్ములు బాగా కిందకు వాలిపోతాయి, వాటితో పాటు డ్రైవ్ షాఫ్టుల కోణం కూడా పెరిగిపోతుంది. ఆ కోణంలో నడిచిన షాఫ్ట్ జాయింట్ల రబ్బరు బూట్లు ముడతల దగ్గర చిట్లుతాయి, గ్రీజు బయటకు చిమ్ముతుంది, ఆ చిల్లులోంచి మన బంక మట్టి లోపలికి పోతుంది. ఆ తర్వాత జాయింటు కటకటమనడం మొదలవడానికి ఎంతో కాలం పట్టదు. ఎత్తు పెంచే కిట్లలో చాలామంది ఎంచుకునేది కాయిల్ పైన పెట్టే స్పేసరు. అది 20 మిల్లీమీటర్ల మందం ఉంటే చక్రం దగ్గర సుమారు 40 లేస్తుందని చాలామందికి తెలియదు, ఎందుకంటే స్ప్రింగు ఆర్ము నడిమిలో కూర్చుంటుంది, చక్రం దాని చివర ఉంటుంది. కాబట్టి మందం చూసి తక్కువే కదా అనుకుని కొనవద్దు.

మీ బండి వయసును బట్టి నేను మొదట అడిగేది వేరు. కమాన్లు కంపెనీ ఇచ్చిన ఎత్తులో నిలబడి ఉన్నాయా? ఇన్నేళ్లు బస్తాలు మోసిన కమాన్లు దిగిపోయి ఉంటాయి. దిగిపోయిన ఎత్తును తిరిగి తెచ్చుకోవడం లిఫ్ట్ కాదు, మరమ్మతు. కాబట్టి బండిని ఖాళీగా, సమతలమైన సిమెంటు నేల మీద నిలబెట్టి, ఒక్కో చక్రం నడిబొడ్డు నుంచి పైన ఉన్న మడ్ గార్డు అంచు దాకా టేపుతో కొలిచి నాలుగు అంకెలూ ఇక్కడ రాయండి. టైరు అరుగుదల, గాలి ఈ కొలతను మార్చవు, అందుకే నేల నుంచి కాకుండా చక్రం నడిబొడ్డు నుంచి కొలవమంటున్నాను.

జవాబు: లంకదారి (రాజోలు)

నేను కూడా దాదాపు అదే కాలపు వీ-క్రాస్ నడుపుతున్నాను. కమాను కట్ట గారు చెప్పిన వాటిలో హౌసింగ్ సంగతి అక్షరాలా నిజం. అయితే లిఫ్ట్ అసలే వద్దనడం దగ్గర నేను కొంచెం వేరుగా ఆలోచిస్తాను. మా లంకల దారుల్లో కాజ్‌వేల దగ్గర ఏటిలోకి దిగి ఎక్కేటప్పుడు ముందు బంపరు, వెనుక హుక్కు నేలకు తగిలే చోట్లు చాలా ఉన్నాయి, అక్కడ 40 మిల్లీమీటర్ల లిఫ్ట్ నాకు బాగా ఉపయోగపడింది. మీ పుంతలో అలాంటి దిగుడు, ఎక్కుడు ఉంటేనే దాని గురించి ఆలోచించండి. చదునైన దారిలో గాళ్ల నడుమ దిమ్మే ఇబ్బంది అయితే, దానికి టైరు చాలు.

టైరు విషయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది వెడల్పు గురించి. చూడటానికి వెడల్పాటి టైరు గంభీరంగా ఉంటుంది కానీ మన డెల్టా నేలలో అది మేలు చేస్తుందని నేను అనుకోను. గోదావరి ఒండ్రు నేల తడిసినప్పుడు పైన జారుడు పొర ఉంటుంది, దాని కింద ఇంకా గట్టిగా ఉన్న పొర ఉంటుంది. సన్నటి టైరు పై పొరను కోసుకుంటూ దిగి గట్టి పొరను పట్టుకుంటుంది. వెడల్పాటి టైరు ఆ జారుడు పొర మీదే తేలి, స్టీరింగ్ తిప్పిన వైపు కాకుండా గట్టు వాలు వైపు జారుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు ఇసుకలో నడిపేవారికి లెక్క తిరగబడుతుంది, అక్కడ తేలడమే కావాలి. కానీ మీ పని చెరువుల దారిలోనే కాబట్టి, 245 వెడల్పును వదలకుండా 75 వరసకు వెళ్లమని, అంటే 245/75 ఆర్16 తీసుకోమని నా సలహా. అది దొరకకపోతేనే 265/70.

రకం విషయానికి వస్తే, పూర్తి మడ్ టెర్రైన్ (బురద కోసం చేసిన) టైర్లు తారు రోడ్డు మీద హోరు పెడతాయి, వానలో తడి తారు మీద బ్రేకు పట్టు తక్కువ. మీరు సగం కాలం కాకినాడ, రాజమహేంద్రవరం తిరుగుతామన్నారు కాబట్టి రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ తీసుకోండి. అయితే కొనేటప్పుడు ట్రెడ్ దిమ్మల మధ్య సందులు వేలు పెట్టి చూడండి, మరీ ఇరుకుగా ఉంటే మన బంక మట్టి ఒక్క చుట్టులోనే వాటిని పూడ్చేసి టైరును నున్నగా చేస్తుంది. టైరు పక్క గోడ మీద సైజు తర్వాత ఉండే లోడ్ ఇండెక్స్ కూడా చూడండి, అది 111 అయితే ఒక్కో టైరు 1,090 కిలోలు మోయగలదని అర్థం. మీ పాత టైర్ల మీదున్న అంకె కంటే తక్కువది తీసుకోవద్దు. స్టెప్నీ కూడా అదే సైజులో ఉండాలి, ఎందుకంటే నాలుగు చక్రాలకూ పవర్ వేసినప్పుడు ఒక్క చక్రం సైజు తేడాగా ఉన్నా గేర్లు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి.

ఇంకొక మాట: బురద ఉన్న కాలంలో పుంత మొదట్లో ఆగి గాలి 22 పీఎస్ఐ దాకా దింపి చూడండి. టైరు నేలను పట్టే పొడవు పెరుగుతుంది, అంతకు ముందు దిగబడిన చోట చాలాసార్లు బయటపడతారు. తిరిగి తారు ఎక్కేటప్పుడు బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసర్‌తో గాలి నింపుకోవాలి, తక్కువ గాలితో రోడ్డు మీద వేగంగా పోతే టైరు వేడెక్కి పక్క గోడలు దెబ్బతింటాయి. వెనుక బస్తాలు ఉన్నప్పుడు అంత దింపవద్దు.

జవాబు: పత్రాల పెట్టె (రాజమహేంద్రవరం)

సాంకేతిక విషయాలు పెద్దలు చెబుతున్నారు, నేను పత్రాల విషయం చెబుతాను. ఇది చివరి క్షణంలో గుర్తొస్తే చాలా ఖరీదవుతుంది.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడాగా మారేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం జరిగిన సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపవిభాగం కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. దిగిపోయిన కమాన్లను కంపెనీ ఎత్తుకు తెచ్చుకోవడం, అదే తరహా కొత్త షాకులు వేసుకోవడం మరమ్మతు కిందికే వస్తాయి. 4 అంగుళాల లిఫ్ట్, మడ్ గార్డు బయటకు పొడుచుకు వచ్చే టైర్లు ఆ కోవలోకి రావు.

జరిమానా కంటే పెద్ద చిక్కు బీమా దగ్గర వస్తుంది. ప్రమాదం జరిగినప్పుడు సర్వేయరు చూసి, చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదానికి కారణమని రాస్తే, క్లెయిము తగ్గవచ్చు, తిరస్కరించనూవచ్చు. కాబట్టి టైరు సైజు మార్చే ముందు మీ బీమా సంస్థకు ఈమెయిల్ రాసి, లిఖితపూర్వకంగా జవాబు తీసుకుని పాలసీతో పాటు ఉంచుకోండి. నోటి మాట లెక్కలోకి రాదు.

ప్రశ్నించినవారి స్పందన: చెరువుగట్టు

ముగ్గురికీ మనఃపూర్వక ధన్యవాదాలండి. హౌసింగ్ ఎత్తు టైరుతోనే మారుతుందన్న ఒక్క మాటతో నా ఆలోచన సగం మారిపోయింది. 285 సైజునూ 4 అంగుళాల కిట్టునూ పక్కన పెట్టేశాను. మా పుంత చదునుగానే ఉంటుంది, బంపరు తగిలే దిగుళ్లు లేవు.

ఈ రోజు రొయ్యల షెడ్డు ముందున్న సిమెంటు నేల మీద బండిని ఖాళీగా నిలబెట్టి కొలిచాను. ముందు ఎడమ 51, ముందు కుడి 51. వెనుక కుడి 53, వెనుక ఎడమ 50 సెంటీమీటర్లు వచ్చాయి. వెనుక ఎడమ వైపు దిగినట్లు కంటికి అంతగా తెలియలేదు, టేపు పెట్టాకే తెలిసింది. డీజిల్ క్యాన్లు, మోటార్లు ఎప్పుడూ ఎడమ వైపే పెడతాము కాబట్టి దాని వల్ల అయి ఉంటుందా? ఇంకొక సందేహం కూడా ఉంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి పారినప్పుడు మా వైపు చాలా దారులు మునిగాయి, బండిని అప్పుడు మోకాటి లోతు నీళ్లలో నడపవలసి వచ్చింది. ఆ తర్వాత ఇంజను ఆయిలు మార్పించాము కానీ హౌసింగ్ ఆయిలు గురించి ఎవరూ చెప్పలేదు. దాన్ని ఇప్పుడు చూడాలా?

జవాబు: కమాను కట్ట (భీమవరం)

కొలతలు చాలా పనికొచ్చాయి. ఒక వైపు 3 సెంటీమీటర్లు దిగడం బరువు పెట్టిన అలవాటు వల్లనే మొదలై ఉండవచ్చు, కానీ ఖాళీ బండిలో కూడా ఆ తేడా ఉందంటే కమాను కట్టలో ఏదో తెగి ఉండాలి, లేదా అలసి చదునైపోయి ఉండాలి. ఎడమ చక్రం వెనుక పడుకుని టార్చి లైటు వేసి, ఒక్కో పట్టీ అంచును సెంటర్ బోల్టు దగ్గర నుంచి చివర దాకా చూడండి. తెగిన పట్టీ దగ్గర సన్నటి గీత, ఆ గీత చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనబడతాయి. మన ఉప్పు గాలికి, చెరువుల ఉప్పు నీళ్లకు పట్టీల మధ్య తుప్పు ఎక్కువ, అక్కడే పగులు మొదలవుతుంది. తెగినది ఒకటే అయినా రెండు వైపులా కట్టలు కలిపి చేయించండి, లేకపోతే బండి మళ్లీ పక్కకు ఒరుగుతుంది. బరువును ఎడమకూ కుడికీ సమంగా పంచడం కూడా అప్పటి నుంచి అలవాటు చేసుకోండి.

కట్టలు విప్పినప్పుడు ఎత్తు కోసం పొడవాటి షాకిల్ (కమాను చివరను ఛాసిస్‌కు కలిపే లింకు) వేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. 50 మిల్లీమీటర్లు పొడవు పెంచితే వెనుక 25 మాత్రమే లేస్తుంది, పైగా హౌసింగ్ ముక్కు కోణం మారి ప్రొపెల్లర్ షాఫ్టు (వెనుక హౌసింగ్‌కు పవర్ తెచ్చే కడ్డీ) క్రాసులు వణకడం మొదలవుతుంది. లంకదారి గారి 40 మిల్లీమీటర్ల లిఫ్ట్ ఆయన దారికి సరైనదే. మీ దారి చెరువు గట్టు దారి. గట్టు అంచు తడిసి మెత్తబడినప్పుడు ఒక పక్క చక్రం దిగితే, ఎత్తయిన బండి ఒరిగి చెరువులోకి పోయే ప్రమాదం తక్కువ ఎత్తు బండి కంటే ఎక్కువ. ఆ కారణంగానే నేను చెరువుల వైపు తిరిగే బండికి లిఫ్ట్ చెయ్యను, అడిగినా వద్దంటాను.

హౌసింగ్ ఆయిలు గురించి మీరు అడిగింది చాలా ముఖ్యమైన ప్రశ్న. తప్పకుండా ఈ వారమే చూడండి. హౌసింగ్ పైన గాలి ఆడటానికి చిన్న బ్రీదర్ ఉంటుంది. రోడ్డు మీద వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది, ఆ ఖాళీని నింపడానికి బ్రీదర్ ద్వారానో సీలు అంచుల ద్వారానో నీళ్లు లోపలికి లాగబడతాయి. డ్రెయిన్ బోల్టు విప్పి కొంచెం ఆయిలు తీసి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్లే. ముందు హౌసింగ్, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక చక్రాలకు పవర్ పంచే గేర్ల పెట్టె), గేరుబాక్సు ఆయిళ్లు కూడా అదే పద్ధతిలో చూడాలి. నీళ్లు చేరి ఇంతకాలం అయి ఉంటే బేరింగులు కూడా వినిపించడం మొదలుపెడతాయి, 40, 50 వేగంలో ఊళ వంటి శబ్దం వస్తోందేమో గమనించండి. ఆయిళ్లు మార్చేటప్పుడు బ్రీదర్ గొట్టాన్ని రబ్బరు హోస్ వేసి పైకి, బానెట్ కింద ఎత్తైన చోటు దాకా తీసుకువెళ్లమని చెప్పండి. దానికయ్యే ఖర్చు టైరు ఖర్చులో ఒక పిసరు కూడా ఉండదు, వరద ప్రాంతపు బండికి లిఫ్ట్ కంటే అదే ఎక్కువ మేలు చేస్తుంది. ఇంజను గాలి పీల్చే నోరు ఎంత ఎత్తులో ఉందో కూడా ఒకసారి చూసి గుర్తు పెట్టుకోండి. నీరు పారుతూ ఉంటే ఎంత ఎత్తు బండి అయినా దిగకపోవడమే మంచిది.

పని జరగవలసిన వరస నా ఉద్దేశంలో ఇదీ: ముందు ఆయిళ్లు, బ్రీదర్, తర్వాత కమాన్లు, బుష్‌లు, ముందు బాల్ జాయింట్లు, షాకులు కారుతూ ఉంటే అవి కూడా. ఇవన్నీ అయ్యాకే టైర్లు, చివర అలైన్‌మెంట్. అరిగిన జాయింట్ల మీద కొత్త టైర్లు తొడిగితే అవి ఒక అంచున తినేసుకుపోతాయి. కమాన్లు కట్టిన మేస్త్రీని యూ-బోల్టులు కొత్తవే వాడమనండి, ఒకసారి సాగిన బోల్టు మళ్లీ అంత బిగువు పట్టదు. బండి కొంచెం తిరిగిన తర్వాత, ఒకసారి బరువు మోసి వచ్చాక, ఆ బోల్టులు తిరిగి టార్క్ పట్టించాలి. మీ బండికి వెనుక బ్రేకు ఒత్తిడిని బరువును బట్టి మార్చే వాల్వు ఉన్నదేమో చూడమనండి. అది హౌసింగ్‌కు కడ్డీతో కలిసి ఉంటుంది. కమాన్ల ఎత్తు మారితే కడ్డీ కూడా సవరించాలి, లేకపోతే వెనుక ఖాళీగా ఉందని భ్రమపడి వాల్వు వెనుక బ్రేకును తగ్గించేస్తుంది.

245/75 తొడిగాక ఒక పరీక్ష చేయండి. బండిని గడపరాయి ఎత్తున్న దిమ్మ మీదకు ఒక ముందు చక్రం ఎక్కించి, స్టీరింగ్‌ను ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా తిప్పుతూ, ఇంకొకరిని మడ్ గార్డు లోపలి ప్లాస్టిక్, లోయర్ ఆర్ము, ఛాసిస్ కొన దగ్గర వేలు పెట్టకుండా కంటితో చూడమనండి. రాసుకునే చోటు ఉంటే అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత హెడ్‌లైట్ల గురి కూడా ఒకసారి గోడ మీద సరిచూసుకోండి, కమాన్లు తిరిగి పైకి లేచాయి కాబట్టి వెలుగు పాత చోట పడదు. అమ్మగారికి అడుగు పెట్టేందుకు పక్క మెట్టు లేకపోతే, బీమా వారికి రాసే ఈమెయిల్‌లోనే దాన్ని కూడా అడిగేయండి.

జవాబు: లంకదారి (రాజోలు)

కమాను కట్ట గారు చెప్పిన వరసకు నా ఓటు కూడా. ఒక్క చేర్పు: చెరువుల నుంచి వచ్చిన రోజున ఛాసిస్ కింద, యూ-బోల్టుల దగ్గర, కమాన్ల మీద మంచినీళ్లతో కడగండి. ఉప్పు నీటి బురద ఆరనిస్తే అది తడిని పట్టి ఉంచి తుప్పును పెంచుతుంది. టైర్లు తీసుకున్నాక ఏ దుకాణంలో ఏ సైజు దొరికిందో, పుంతలో ఎలా నడిచిందో రాయండి. మా వైపు కూడా ఆ సైజు కోసం చూస్తున్నవారున్నారు.